పండగకి ఆపిన ఇంజను

మా ఇంజనుకు నాకంటే వయసెక్కువ. చీపురుపల్లి దగ్గర ఓ ఫ్యాక్టరీకి సొంత పట్టాలు ఉండేవి. స్టేషన్‌కి వచ్చిన గూడ్సు వ్యాగన్లను గోదాముల దాకా లాగే ఆ పాత డీజిలు ఇంజనుకు నేను డ్రైవర్ని, మా బావమరిది హెల్పరు. దాని మొండితనమంతా నాకు అంటుకుందని మా ఆవిడ దెప్పేది.

మొన్న వానాకాలంలో దాని బ్యాటరీలు చచ్చాయి. మూతపడబోయే ఫ్యాక్టరీ కొత్తవి ఎందుకు కొంటుంది? ఒకసారి ఆపితే ఇక లేవదు. అందుకని ఆపడమే మానేశాం. ఒకరు ఇంటికి వెళితే ఒకరు కేబిన్‌లో ఉండి, నడుస్తుండగానే డీజిలు పోసుకుంటూ నెట్టుకొచ్చాం.

దసరా మర్నాడు రాజాం నుంచి ఒక మిల్లు యజమాని చూడటానికి వస్తాడని మేనేజరు చెప్పాడు. ఇంజను నడుస్తూ ఉంటే తన మిల్లు పట్టాల మీదకి తీసుకుపోతాడు, దాంతో పాటు మా ఇద్దరినీ. లేకపోతే దాన్ని తుక్కు కింద కొని కోయించుకుంటాడు, మేం ఇంటికి. ఈ వయసులో నాకు ఇంకెవడు పనిస్తాడు?

పండగనాడు తలంటుకుని, కొబ్బరికాయలు పట్టుకుని సైకిల్ మీద వస్తున్నాను. గేటు దాటినా ఇంజను చప్పుడు వినబడలేదు. సైకిల్ అక్కడే పడేసి పరుగెత్తాను.

ఇంజను శుభ్రంగా కడిగి ఉంది. పసుపు, కుంకుమ, బంతిపూల దండ. స్పానర్లన్నీ దాని ముందు పేర్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు మా బావమరిది.

"ఒరే, ఎందుకాపినావురా?"

"నడుస్తన్నదానికి బొట్టెట్టకూడదు కదా బావ. మన పని నిలబడాలని అమ్మోరికి మొక్కినాను. ఆ తల్లే లేపుతాది, సూడు."

వాణ్ని ఏమని తిట్టను? బ్యాటరీలు బాగున్న రోజుల్లో ఏటా ఆపి పూజ చేసింది మేమిద్దరమే.

లారీ బ్యాటరీలు అడిగి తెచ్చి తగిలించాం. ఒకసారి దగ్గింది, నల్లటి పొగ వదిలింది, ఆగిపోయింది. మళ్లీ స్టార్టరు నొక్కాం. లేవవే తల్లీ అని బతిమాలాను, బూతులు తిట్టాను, చివరికి దాని చక్రం పక్కన కూలబడి ఏడ్చాను.

మర్నాడు మిల్లు యజమాని వచ్చాడు. పెద్దమనిషి. దండ చూసి చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాడు. తర్వాత వేళ్లతో తట్టి చూసి, "ఇనుము మంచిదే" అన్నాడు.

"ఒక్కరోజు టైమివ్వండి బాబూ, లేపేస్తాం" అని ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఒక్కరోజులో ఏటవుతాది నాయనా. రేపు కటింగోళ్లని పంపుతాను" అని ఆయన మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు.

పైన కేబిన్‌లో మా బావమరిది ఇంకా స్టార్టరు నొక్కుతూనే ఉన్నాడు. ఇక ఆపరా అని నేనే చెప్పాల్సి వచ్చింది.