రమణమూర్తిగారి లైన్ క్లియర్

రమణమూర్తిగారు దేన్నీ ఒకసారి విని నమ్మరు. గతౌరాలో పాతికేళ్లు స్టేషన్ మాస్టరు పని చేసిన మనిషి. ప్రతి బండికీ పక్క స్టేషన్‌ను ఫోనులో కొత్తగా అడిగి, లైన్ ఖాళీ అని వాళ్లు చెబితేనే బండిని వదలాలి. ఇందాక చెప్పింది ఇప్పటికి చెల్లదు. రిటైరై బిలాస్‌పూర్‌లో ఇల్లు కట్టుకున్నాక వదలడానికి బండ్లు లేవు గానీ, అడగడం మాత్రం ఆగలేదు. భార్య కనకం కాఫీ తెచ్చి "పంచదార వేశాను" అంటే, "వేసీసావా, వేసీసాననుకున్నావా?" అంటారు. గోడ గడియారం, చేతి గడియారం ఒకే టైం చూపిస్తే, రెండూ కూడబలుక్కున్నాయని అనుమానం.

రెండు వేల తొమ్మిదిలో పక్కింటి తనూజ బ్యాంకు పరీక్షకు దరఖాస్తు పెడితే, "దరఖాస్తు నంబరు చూపించు, తప్పు రాసీసుకునుంటావు" అని వచ్చి, ఆ నంబరు, ఆమె పుట్టిన తేదీ తన నోటుబుక్కులో రాసుకుని మరీ వెళ్లారు.

పరీక్ష సైటులోంచి హాల్ టికెట్టు తీసుకోవడానికి గడువు ఆఖరి రోజు సాయంత్రం ఐదు. ఆ పొద్దున తనూజ తెరిస్తే సైటు నత్తలా కదిలింది. మధ్యాహ్నం చూద్దాంలే అనుకుంది. మధ్యాహ్నం అది అసలు తెరుచుకోవడమే మానేసింది. నాలుగున్నరకు స్నేహితురాలు హరిప్రియ ఫోను చేసి, "అరే యార్, నాకు వచ్చేసింది! సైటుని వేరే మెషీన్ మీదికి మార్చారట" అంది. తనూజ పెరట్లోకి పరుగెత్తింది.

"బాబాయ్!" అని గోడ మీంచి కేక వేసింది.

రమణమూర్తిగారు వచ్చి, కూర్చునే ముందు కుర్చీని ఊపి చూశారు. తరవాత కంప్యూటర్‌ని టికెట్టు లేని ప్రయాణికుణ్ణి చూసినట్టు చూశారు.

"పొద్దున్న సైటు తెరిచావా?"

"తెరిచాను."

"అచ్ఛా. అదీ దీని వేషం. పొద్దున్న తెలుసుకున్న అడ్రసు దాచీసుకుంది. సైటు ఇల్లు మారిపోనాదని మళ్లీ అడగదు. పాతింటికే ఎల్లి తలుపు కొడతంది. నా స్టేషన్లో అయితే దీన్ని సస్పెండు చేసీవోళ్లు."

"ఇరవై నిమిషాలే ఉంది బాబాయ్!"

"ఏ గడియారం ప్రకారం?"

కంప్యూటర్‌కి ఆజ్ఞలు రాసే నల్ల తెర తెరిచి, నోటుబుక్కులో ఎప్పుడో రాసుకున్నది చూస్తూ ఒక్కో అక్షరమూ పైకి చదువుతూ కొట్టారు: ఐపీకాన్ఫిగ్, ఒక ఖాళీ, ఒక ఏటవాలు గీత, ఫ్లష్‌డీఎన్‌ఎస్. దాచుకున్న అడ్రసులన్నీ తుడిచేశానని తెర మీద ఒక వరుస వచ్చింది.

"అయిపోయింది!" అంది తనూజ.

"అయిపోనాదని అది చెప్తే సరా?"

అంతా మూసి, మళ్లీ తెరిచారు. సైటు వచ్చింది. ప్రింటరు మూలుగుతూ హాల్ టికెట్టు బయటికి తోసింది. ఐదుకు ఇంకా ఆరు నిమిషాలుంది.

అప్పుడు రమణమూర్తిగారు జేబులోంచి మడత కాగితం ఒకటి తీసి, కొత్తదాని పక్కన పరిచి, వేలితో ఒక్కో వరుసా సరిచూడసాగారు. తనూజ తొంగి చూసింది. అదీ తన హాల్ టికెట్టే!

"ఇదేటి బాబాయ్?"

"మొన్న దయాల్‌బంద్‌లో నెట్టు షాపులో తీయించీసాను. నీ కంప్యూటర్ మీద నాకు నమ్మకం లేదు."

"మరి రాగానే ఇవ్వొచ్చు కదా! నన్నెందుకు ఏడిపించారు?"

"షాపోడి మీద మాత్రం నమ్మకం ఉందేటి?" ఆఖరి వరుస దాటింది వేలు. "ఆఁ, సరిపోయింది. రెండూ ఒకటే."

మోకాళ్ల నొప్పికి వీధి చివరి కొట్టుకైనా వెళ్లని మనిషి! తనూజకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "పరీక్ష సెంటరు ఉస్లాపూర్‌లో వేశారు, ఎక్కడో ఏమో" అని సణిగింది.

"నిన్న ఎల్లి చూసొచ్చాను. అడ్రసులో రాసిన చోటే ఉంది. గేటు మాత్రం వెనకవైపు."

గుమ్మం దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చి తిరిగి వచ్చారు. జేబులోంచి నాలుగు అట్టముక్కలు తీసి బల్ల మీద పెట్టారు. మందంగా మడిచి, దారం చుట్టి ఉన్నాయి.

"ఇవేటి?"

"అక్కడి బెంచీలు కూర్చుని చూశాను. అన్నీ ఊగుతున్నాయి. బెంచీ కాలి కింద ఒకటి దోపుకో."

"ఒకటి చాలదా? నాలుగెందుకు?"

"నేను చూసింది నిన్న. పరీక్ష నాటికి ఎన్ని కాళ్లు పొట్టివవుతాయో, అప్పుడు మళ్లీ చూసుకోవాలి కదే!"