ట్యాంకు దాకా పరుగెత్తిన జెల్లీ

“సముద్రాన్ని తెచ్చి పళ్ళెంలో పెడతావా? బుద్ధుందా నీకు?”

“సముద్రం కాదు నాన్నమ్మా, జెల్లీ! కిత్నీ బార్ చెప్పాలి నీకు?”

“నీలంగా ఉంటాది, లోపల చేపలుంటాయి అన్నావు. మరి దాన్నేటంటారు?”

“జెల్లీ అంటారు! ఇక్కడ అందరి పుట్టినరోజులకీ చేస్తారు.”

“అందరి వంటింట్లోకీ సముద్రం రాలేదు. మనింట్లోకి వచ్చింది. పప్పు డబ్బా, చింతపండు కుండ, నా కొత్త చీపురు పట్టుకుపోయింది. దానికి నేను పుట్టినరోజు చెయ్యాలా?”

“పుట్టినరోజు దానిది కాదు, నాది!”

ఇది నాకూ నా మనవరాలికీ జరిగిన గొడవ. మా కోడలు మధ్యలో కూర్చుని బెండకాయలు తరుగుతోంది. ఎవరి వైపు మాట్లాడినా రెండో వాళ్ళు అన్నం మానేస్తారని ఆవిడకు తెలుసు. అందుకని బెండకాయల వైపు ఉంది.

సునామీ వచ్చినప్పుడు మేము ఇక్కడే అండమాన్‌లో, మాయాబందర్‌లో ఉండేవాళ్ళం. మనుషులం మిగిలాం, సామాను మిగల్లేదు. తరువాత మా అబ్బాయికి పోర్ట్ బ్లెయిర్‌లో ఓడ మీద పని దొరికింది. మిన్నీ బేలో, రోడ్డుకు పైన, చెక్క ఇల్లొకటి అద్దెకు తీసుకున్నాం. కింద, సముద్రం వైపు ఇళ్ళు చవగ్గా దొరికేవి. డబ్బు దగ్గర నేనెంత గట్టిదాన్నో మా చుట్టాలందరికీ తెలుసు, అయినా ఆ ఒక్క విషయంలో మాత్రం ఎక్కువ ఇచ్చి పైనే తీసుకోమన్నాను. మా అబ్బాయి నాకు జ్వరం వచ్చిందేమోనని నుదురు పట్టుకుని చూశాడు.

ఆ ఏప్రిల్‌లో మనవరాలిని కొత్త బళ్ళో వేశాం. పుట్టినరోజు కూడా ఆ నెలలోనే. ఎండలు మండిపోతున్నాయి, వేడి పాయసం ఎవరు తాగుతారు, చల్లగా జెల్లీ చేద్దాం అని పిల్ల పట్టు. నేను ససేమిరా అన్నాను.

పిల్ల కాళ్ళు టపటపలాడించుకుంటూ అవతలికి వెళ్ళాక కోడలు కత్తిపీట పక్కకు జరిపి మెల్లిగా అంది.

“అత్తయ్యా, క్లాసులో దీని పక్కన ఎవరూ కూర్చోవడం లేదంట. డబ్బా విప్పుకుని ఒక్కత్తే తింటోందంట. ఈ పుట్టినరోజుకని నోరు విడిచి ఆరుగురిని పిలిచింది. వాళ్ళొచ్చి నవ్వుకుంటూ వెళ్తే చాలు. లేకపోతే ఇంక బడికెళ్ళనంటోంది.”

“ఆ మాట ముందే చెప్పొచ్చు కదా?”

“మీరు ఆగితే కదా చెప్పడానికి.”

సరే అన్నాను. అయితే ఊరికే అనలేదు. అచ్చులు కొనకూడదు, స్టీలు ట్రే ఉంది. రంగు కొనకూడదు, కంచె మీద శంఖు పూలున్నాయి. లోపల వేసే చేప బిళ్ళలు, అవే చేప ఆకారం మిఠాయిలు, మాత్రం కొనుక్కోవచ్చు, ఎందుకంటే వాటిని కంచె మీద పండించడం నాకు చేతకాదు.

నేను చదివింది మూడో తరగతి వరకే. జెల్లీ పొడి పెట్టె మీద ఏం రాశారో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఆ పొడితో చేసింది ఫ్రిజ్‌లోంచి తీస్తే కారిపోతుంది. మాకేమో కరెంటు చుట్టంలా వచ్చి వెళుతుంది. అందుకని చైనా గ్రాస్ తెప్పించాను. ఎండుగడ్డిలా పోగులు పోగులుగా ఉంటుంది, నీళ్ళలో ఉడికిస్తే కరిగి, చల్లారగానే గట్టిపడుతుంది, ఎండలో పెట్టినా కదలదు. అది సముద్రపు నాచుతో చేస్తారని మనవరాలు చెప్పింది. ముందే తెలిస్తే అసలు కొనేదాన్నే కాదు.

పిల్లా నేనూ గోల్ ఘర్ బజారుకు వెళ్ళి చేప బిళ్ళలు తెచ్చాం. ఇక్కడి తేమ సంగతి తెలిసిందే, ఉప్పు డబ్బాలో ఉప్పు నీళ్ళవుతుంది. ఇంటికొచ్చి పొట్లం విప్పితే చేపలన్నీ కరుచుకుని ఒక్కటే ముద్ద. చూస్తే ఒకే చేప, దానికి ఒళ్ళంతా తోకలు.

“వాపస్ ఇచ్చేద్దాం నాన్నమ్మా!”

“బస్సు డబ్బులు ఎవరిస్తారు? కత్తెర తే.”

కత్తెరకు కొబ్బరినూనె రాసి చేపల్ని విడదీశాను. కొన్నింటికి రెండు తలలు వచ్చాయి, కొన్నింటికి ఒక్కటీ రాలేదు. తల లేనివి అడుగున వేశాం.

ఇక రంగు. శంఖు పూలు ఉడికించి వడగడితే ఎంత చక్కటి నీలం వచ్చిందో చెప్పలేను. పిల్ల చప్పట్లు కొట్టింది. నాకూ కాస్త హుషారు వచ్చింది. పంచదార నీళ్ళన్నాక పులుపు ఉండాలి కదా అని నిమ్మకాయ పిండాను. పిండినంతసేపు పట్టలేదు, నీలమంతా ఊదా అయిపోయింది.

“నాన్నమ్మా! సముద్రాన్ని వంకాయ పులుసు చేసీసావు!”

“మళ్ళీ చేద్దామా?” అంది కోడలు.

“ఈ పంచదార ఎవరు తాగుతారు? సాయంత్రం పూట సముద్రం ఇలాగే ఉంటాది. వెళ్ళి చూసుకోండి.”

సునామీ తరువాత సముద్రం వైపు నేను తిరిగి చూసిందే లేదు. అయినా ఆ మాట ధైర్యంగా అనేశాను. చైనా గ్రాస్ కరిగించి అందులో కలిపి, వేడి తగ్గాక చేపల్ని వేసి, కరెంటు ఉన్నంతసేపూ ఫ్రిజ్‌లో పెట్టాం.

ఇక్కడ మా పక్కింటాయన గురించి చెప్పాలి. జెట్టీలో ఓడల తాళ్ళు కట్టే పని చేసి రిటైరైనవాడు. మేమంతా భయ్యా అంటాం. సునామీ తరువాత భూమి అప్పుడప్పుడూ వణుకుతూనే ఉండేది. దాన్ని కనిపెట్టే పని ఈయన తనకు తానే పెట్టుకున్నాడు. వరండా పిట్టగోడ మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి, దాన్నే చూస్తూ కూర్చుంటాడు. మెడలో విజిల్. నీళ్ళు కదిలాయంటే ఊదుతాడు. విజిల్ వినబడితే ఎందుకని అడగకూడదు, మిట్ట మీద నీళ్ళ ట్యాంకు పక్కన ఖాళీ స్థలం దాకా పరుగెత్తాలి. ఇది మా సందు కట్టడి. పరుగెత్తేటప్పుడు ఎవరు ఏం పట్టుకోవాలో కూడా ఇంటింటికీ లెక్క ఉంది. మా ఇంట్లో కాగితాల సంచి నాది, నీళ్ళ డబ్బా కోడలిది, టార్చి పిల్లది.

సాయంత్రం ఆరుగురు పిల్లలూ వచ్చారు. “చెప్పులు బయట. కాళ్ళు కడుక్కోండి. చెక్క నేల, గెంతకండి. గోడకి చేతులు రాయకండి” అని నాలుగు మాటలు చెప్పాను. ఓడ కోసం జెట్టీలో కూర్చున్నవాళ్ళలా వరసగా గోడవారన కూర్చున్నారు. మా పిల్ల వాళ్ళ ముఖాలు చూడ్డం, నా ముఖం చూడ్డం. కోడలు నన్ను వంటింట్లోకి లాగింది.

“అత్తయ్యా, అది పుట్టినరోజా, పరీక్షా?”

“నేల విరిగితే ఇంటాయన ఊరుకుంటాడా?”

కోడలు ట్రే తెచ్చి బల్ల మీద పెట్టింది. పక్కింటి భయ్యాని కూడా పిలిచాం, ఆయన బల్ల చివర కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా గ్లాసు లేదు కనుక ఏం చూడాలో తెలియక జెల్లీనే చూస్తున్నాడు.

పిల్లల్లో ఒకతి వేలుతో జెల్లీని తాకింది. అది తలాడించింది. ఆ పిల్ల కిసుక్కున నవ్వింది. రెండోది తాకింది. రెండు తలల చేప అటూ ఇటూ ఊగింది. ఇంక అందరూ లేచి బల్ల చుట్టూ చేరారు, మోకాళ్ళతో బల్లను తన్నుతూ, నేను వద్దన్న గెంతులన్నీ గెంతుతూ, “దేఖో దేఖో, నాచ్ రహీ హై!” అని కేకలు. మా పిల్ల అందరికంటే పైకి గెంతుతోంది. నేను నోరు తెరవబోయి, కోడలి చూపు చూసి మూసుకున్నాను. ఇల్లంతా దడదడమంటోంది.

భయ్యా మాత్రం నవ్వలేదు. జెల్లీ వంక చూసి, తన కుర్చీ కాలు వంక చూసి, మళ్ళీ జెల్లీ వంక చూసి లేచాడు.

“హిల్ రహా హై! భూకంప్! ఊపర్ చలో, ఊపర్!”

విజిల్ ఊదాడు. అంతే. పిల్లలు మెట్ల మీంచి దూకారు. కోడలు నీళ్ళ డబ్బాతో, మా పిల్ల టార్చితో. సందులో ప్రతి తలుపూ తెరుచుకుంది. ఒకావిడ తలంతా సబ్బు నురగతో పరుగెత్తింది. ఒకాయన లుంగీ చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో కోడిని పట్టుకుని వచ్చాడు. ఆ మిట్ట నేను మామూలుగా నాలుగుసార్లు ఆగి ఎక్కుతాను. ఆ రోజు ఎక్కడ ఆగానో నాకే తెలియదు.

పైకి చేరాక అందరం నిలబడి నేల వైపు చూశాం. నేల నిక్షేపంగా ఉంది. కొబ్బరిచెట్లు ఊగలేదు. ట్యాంకులో నీళ్ళు చప్పుడు చెయ్యలేదు. దూరంగా ఆ సముద్రం ఎప్పటిలాగే పడుంది.

“భయ్యా, మీ గ్లాసులో నీళ్ళు కదిలాయా?” అని సబ్బు నురగావిడ అడిగింది.

“గ్లాస్ నహీ. జెల్లీ. జెల్లీ ఝూట్ నహీ బోల్తీ.” జెల్లీ అబద్ధం చెప్పదట.

“జెల్లీని పిల్లలు తన్నారయ్యా!” అంది మా కోడలు.

అందరూ భయ్యా వైపు తిరిగారు. తరువాత కోడాయన మొదలుపెట్టాడు నవ్వు, ఇంక ఆగలేదు. మా పిల్ల మాత్రం టార్చి పట్టుకుని బావురుమంది.

“ఖతమ్! అయిపోయింది! రేపు బళ్ళో అందరికీ చెప్తారు. ఇంక నాతో ఎవరూ మాట్లాడరు.”

అప్పుడు కోడలు నా వైపు చూసింది.

“అత్తయ్యా, కాగితాల సంచి ఏదీ?”

సంచి కింద ఇంట్లో మేకుకు వేలాడుతోంది. నా రెండు చేతుల్లో జెల్లీ ట్రే ఉంది.

“ఏం, పంచదార ఊరికే వచ్చిందా?” అన్నాను.

ట్రే గట్టు మీద పెట్టాను. చెంచాలు లేవు. రాలిన కొబ్బరాకు నుంచి ఒక ఈనె తీసి, ట్యాంకు కుళాయి దగ్గర కడిగి, దాంతో జెల్లీని ముక్కలుగా కోశాను. పిల్లలందరినీ చేతులు కడుక్కోమన్నాను. ఒకతి చెయ్యి తడి చేసుకుని మోసం చేసింది, మళ్ళీ పంపాను. భయ్యా కాసేపు మూతి ముడుచుకుని కూర్చుని, లైను వంకరగా ఉందని తనే లేచి విజిల్ ఊది సరిచేశాడు. ఒక్కొక్కరి అరచేతిలో ఒక్కొక్క ముక్క పెట్టాను. పిల్లలు దాన్ని ఊపుతూ “భూకంప్! భూకంప్!” అని అరవడం, భయ్యా ఊదడం, వాళ్ళు గుటుక్కున మింగడం. తల లేని చేప ఎవరికొస్తే వాళ్ళు ఇంకోసారి లైనులోకి రావచ్చని మా పిల్ల చట్టం పెట్టింది. కళ్ళు తుడుచుకోవడం మరిచిపోయింది, అలాగే ఆరిపోయాయి.

సందులో పెద్దవాళ్ళకీ తలా కాస్త వచ్చింది. సబ్బు నురగావిడ ఇల్లు సునామీలో గోడలతో సహా పోయింది. ఆవిడ ఊదారంగు ముక్కను పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇదేటి, సముద్రమా?”

“పిల్లలు అలాగే అంటున్నారు.”

“మనల్ని అది తినీసింది కదా, ఇప్పుడు మన వంతు” అని నోట్లో వేసుకుని, నమిలి, “పంచదార తక్కువేసారు దీదీ” అంది.

నేను విననట్టు ట్రే ఎత్తి పక్కన పెట్టాను. తక్కువ వేసిన మాట నిజమే, కావాలనే వేశాను.

పిల్లలు ఇళ్ళకు వెళుతూ మా పిల్లతో ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. రాత్రి అన్నం దగ్గర అది మెతుకులు కెలుకుతూ కూర్చుంది. రేపు బడికి వెళ్తావా అని కోడలు అడిగితే, తెలియదు అంది.

మర్నాడు పొద్దున్నే నేను దాని జడలు వేస్తూ కూర్చున్నాను. ఒక జడ అయింది. కింద మెట్ల దగ్గర నుంచి ముగ్గురు ఆడపిల్లలు దాని పేరు పెట్టి పిలిచారు. రెండో జడ వెయ్యకుండానే, రిబ్బను చేత్తో పట్టుకుని, పుస్తకాల సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.