మేస్త్రికి మిగిలిన మాట

లాండ్రీలో అందరూ ఆయన్ను మేస్త్రి అనేవారు. చేతిలో ఇస్త్రీపెట్టె ఆగినా నోరు ఆగేది కాదు. అలాంటి మనిషికి ఓ రోజు దుప్పటి మడతపెడుతుండగా మూతి వంకర పోయింది, కుడిచెయ్యి వాలిపోయింది. ఆసుపత్రి నుంచి ప్రాణంతో బయటపడ్డాడు గానీ మాటలు పోయాయి. ఎంత పెనుగులాడినా నోట్లోంచి ఒక్కటే ఊడిపడేది: “ఇస్త్రీ.”

మంచినీళ్లు కావాలన్నా ఇస్త్రీయే, కిటికీ తియ్యమన్నా ఇస్త్రీయే. మొదట్లో భార్య చాటుకెళ్లి కళ్లు తుడుచుకునేది. పోనుపోను ఆ గొంతులోని తేడాలు పట్టేసింది. సాగదీస్తే దాహం, విసిరినట్టు అంటే చిరాకు.

“ఇన్నేళ్లూ నా చెవులకు చిల్లులు పొడిచావు. ఇప్పుడే హాయిగా ఉందయ్యా,” అని ఆమె ఏడిపిస్తే ఆయన మూతి ఒక పక్కకే నవ్వేది.

ఇంట్లో కూర్చుంటే కుంగిపోతాడని ఆమే మళ్లీ లాండ్రీకి తీసుకెళ్లింది. ఎడమచేత్తో రుమాళ్లు మడిచే పని ఇచ్చారు. అక్కడ పనిచేసే వదినా మరదళ్లు ఓ రోజు కాలిన చొక్కా దగ్గర తగులుకున్నారు.

“నువ్వే కాల్చావు!”

“పెట్టె దానిమీదే వదిలేసి ఫోన్లో ముచ్చట్లాడిందెవరు వదినా?”

మేస్త్రి కాలీడ్చుకుంటూ వచ్చాడు. ఇద్దరి చేతులూ ఒకదానిమీద ఒకటి పెట్టి, ముడతలు తీస్తున్నట్టు పైన అరచేత్తో నిమిరాడు. “ఇస్త్రీ,” అన్నాడు మెల్లగా. ముందు మరదలు ఫక్కుమంది. వదిన కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

అప్పట్నుంచి లాండ్రీలో రాజీపడటమంటే ఇస్త్రీ అవ్వడమే. “నిన్న మా ఆయనా నేనూ ఇస్త్రీ అయిపోయాం,” అని వదిన చెబితే ఎవరూ అర్థం అడగలేదు. ఎదురుగా ఉన్న టీకొట్టాయన కూడా అందుకున్నాడు. గొడవపడే గిరాకీలకు, “బయటికెళ్లి ఇస్త్రీ చేసుకోండి బాబూ,” అనేవాడు.

ఓ సాయంత్రం మేస్త్రి, భార్య బస్టాపులో నిలబడి ఉన్నారు. పక్కన ఇద్దరు కాలేజీ అమ్మాయిలు.

“పరీక్ష ఎలా రాశావే?”

“ఇస్త్రీ చేసి పారేశా!”

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. మెడనరాలు బిగిశాయి. “కా... కాదు!”

అమ్మాయిలు బిత్తరపోయారు. భార్య సర్దిచెప్పింది: “అది మా ఆయన మాటమ్మా. పోట్లాడుకున్నవాళ్లు కలిస్తేనే ఇస్త్రీ.”

“అయ్యో, మేం తేలిగ్గా అయిపోయిందని అంటున్నాం. మానెయ్యాలా తాతగారూ?”

ఆయన అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు. అప్పుడు తట్టింది భార్యకు.

“ఏమయ్యా, కాదన్నావు కదూ!”

“కాదు,” అన్నాడాయన, నవ్వుతూ.

“నాతో వాదించడానికి మాట దొరికిందన్నమాట! సరే, నడిచిపోదామా?”

“కాదు.”

“ఆకలేస్తోందా?”

“కాదు.”

ఇల్లు చేరేదాకా ఆమె ఏదో ఒకటి అడుగుతూనే ఉంది.