బొమ్మలు మోసిన శుక్రవారం

అవిసె నూనె వాసన, దాని కింద పాత కర్ర వాసన, రెంటినీ కలిపి చల్లగా పట్టి ఉంచే మందపాటి సున్నపు గోడల వాసన. స్పెయిన్‌లో ఒకప్పుడు సన్యాసినుల మఠంగా ఉన్న ఈ కట్టడాన్ని ఇప్పుడు చిత్రకళల మ్యూజియం చేశారు. ఆఫీసు పని మీద వస్తూ అమ్మను కూడా వెంటబెట్టుకొచ్చి, బయటి ఎండకు తాళలేక ఇందులోకి తీసుకొచ్చాను గానీ, మొదటి గది గడప దాటగానే నా కాళ్లు ఆగిపోయాయి. కువైట్‌లో, ఫింటాస్‌లో, మామా వాళ్ల హాలు అచ్చం ఇలాగే వాసనేసేది.

మామా అంటే మా అమ్మ వంటచేసే ఇంటి యజమానురాలు. నాన్న ఆ ఇంటి డ్రైవరు. కడప జిల్లా నుంచి వెళ్లిన మా ముగ్గురినీ ఇంటి వెనక గదిలో కలిసి ఉండనిచ్చిన మంచి మనిషి. ఏటా ఎండలు ముదిరి, సముద్రపు ఉక్కపోత ఒంటికి జిగురులా అంటుకునే రోజుల్లో ఆవిడ కుటుంబంతో స్పెయిన్ వెళ్లిపోయేది, వస్తూ వస్తూ అక్కడి నూనెరంగుల బొమ్మలు కొనుక్కొచ్చి హాలు గోడలకు తగిలించేది. ఆ రెండు నెలలూ ఇల్లంతా నాదే. చల్లటి గచ్చు మీద బోర్లా పడుకుని, పుచ్చకాయ ముక్క కొరుకుతూ, ఆ బొమ్మల్లోని వాళ్లకు చుట్టరికాలు కలిపేదాన్ని: నల్ల ముసుగావిడ మా పెద్దత్త, చేపలబుట్ట ముసలాయన మా జేజినాయన. సాంబ్రాణి పొగకు బొమ్మలు పాడవుతాయని అమ్మను కోప్పడే మామా, కారు తుడిచే పసుపు గుడ్డతోనే నాన్న ఆ పటాల చట్రాలు తుడవడం చూసుంటే అక్కడికక్కడే మూర్ఛపోయేది.

ఆ ఏడు కూడా వాళ్లు స్పెయిన్‌లో ఉండగానే, ఒక గురువారం తెల్లారేసరికి రోడ్ల మీద ఇరాక్ టాంకులు కనిపించాయి. ఆ మర్నాడే వరలక్ష్మీ వ్రతం. వణుక్కుంటూ కూర్చోవడంతోనే పండగ దాటిపోయింది. తర్వాత సైనికులు ఇళ్లు దోచుకోవడం మొదలుపెట్టారు. మా వీధిలో మిగిలిన వాళ్లు తెరలు దించి, గేటు ముందు చెత్త సంచులు పడేసి, లోపల ఎవరూ లేనట్టు నమ్మించారు. నాన్న కూడా అదే చేశాడు. దీపం లేదు, గట్టిగా మాట లేదు. నాకు దగ్గొస్తే అమ్మ కొంగు నా నోటికి అడ్డం పెట్టేది.

వచ్చే శుక్రవారమైనా వ్రతం చేసుకుంటానని అమ్మ పట్టుబట్టింది. డబ్బా అడుగున మిగిలిన శనగపప్పు, బెల్లంతో నాలుగు ఓళిగలు చేసింది. బియ్యప్పిండి గిన్నె పట్టుకుని గేటు వైపు బయల్దేరుతుంటే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందర తట్టు పోవాకు. ఎవురూ లేరనుకోనీ."

"ముగ్గు లేకుండా ఉండేది సావు జరిగిన ఇంటి ముందర గదా. పండగ పూట అట్ల పెట్టమంటావా? నా వల్ల కాదు."

నాన్న చెయ్యి దించాడు. అమ్మ గబగబా వెళ్లి, చెత్త సంచులు పక్కకు జరిపి, నీళ్లు చల్లి, చిన్న పద్మం వేసి వచ్చింది. ఆ పొడుగాటి వీధి మొత్తంలో తుడిచిన వాకిలి మాదొక్కటే.

మధ్యాహ్నం నమాజు వేళ దాటాక ట్రక్కు వచ్చి ఆగింది. ఒక సైనికుడు ముగ్గును బూటు కొనతో గీకి చూసి, గేటు బాదాడు. వాళ్లు మమ్మల్ని కొట్టలేదు. "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ హాల్లో బొమ్మలన్నీ నాన్న చేతే దింపించి, నాన్న చేతే ట్రక్కులోకి మోయించారు. మా పెద్దత్త పోయింది, జేజినాయన పోయాడు. చివరికి ట్రక్కు తోలమని నాన్ననే స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. నాన్న కిటికీలోంచి తల బయటికి పెట్టి అమ్మతో, "పాపను లోపలికి తీస్కపో. దించేసి వస్తా" అన్నాడు. చక్రాలు ముగ్గు మీదుగా వెళ్లాయి.

నాన్న రాలేదు. మేము బస్సుల్లో ఎడారులు దాటి జోర్డాన్ శిబిరం చేరినప్పుడు, కొత్తగా వచ్చిన ప్రతి బస్సు దగ్గరికీ అమ్మ పరుగెత్తి నాన్న పేరు చెప్పి అడిగేది. యుద్ధం అయిపోయాక కూడా ఏ కబురూ లేదు. ఉన్నాడనీ లేదు, లేడనీ లేదు. అమ్మ ఈనాటికీ బొట్టు తీయలేదు. వాకిట్లో ముగ్గు మాత్రం మళ్లీ వేయలేదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు, అడిగే ధైర్యం నాకు లేదు.

ఫింటాస్‌లో ఆ ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టారని విన్నాను. మామా ఏమైందో తెలియదు, ఆ బొమ్మలు ఏ గోడకు చేరాయో తెలియదు. ఇక్కడ నేను ఒక్కో పటం ముందూ ఆగి, ఎవరు వేశారో, ఏ రాజుగారి భవనంలోంచి వచ్చిందో అమ్మకు చదివి వినిపిస్తున్నాను. అమ్మ వింటున్నట్టు లేదు. గోడంత పెద్ద బొమ్మ ఒకదాని ముందు నిలబడి, దాని బరువైన చట్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసింది.

"ఇయ్యన్నీ ఈడికి మోసినోళ్లు మళ్లా ఇంటికి పోయింటారా పాపా?" అంది.