లోపలి గదిలో నీళ్ళడిగినవాడు

మా అమ్మ మీద ఒట్టేసి మొదలుపెడుతున్నాను. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. నమ్మకపోతే నవ్వుకోండి... కానీ చివరిదాకా వినండి.

నరసన్నపేటలో నాకు సెల్‌ఫోన్లు బాగుచేసే షాపుంది. సూరిది పాతపట్నం. డిగ్రీ నుంచీ నా స్నేహితుడు. మా ఇద్దరికీ మగవాళ్ళంటేనే ఇష్టం. ఆ సంగతి ఇక్కడ ఇంకెవరికీ చెప్పుకోలేం, అందుకే అంత దగ్గరయ్యాం. ఫోన్‌లో ఏదో యాప్ ద్వారా సూరికి మధు అనే అతను పరిచయమయ్యాడు. హైవే దాటాక వరిచేల మధ్య ఇల్లు అద్దెకి తీసుకున్నాడట. మనలాంటివాళ్ళు అక్కడ ఎవరికీ భయపడకుండా కలుసుకోవచ్చని సూరి మురిసిపోయాడు.

ఆ ఆదివారం ఒకటే వాన. చీకటి పడుతుండగా ఫోన్ చేశాడు.

"మావా, వొచ్చి నన్ను తీసుకుపోరా. శుక్కురారం నుంచి నిద్దర నేదు. గుండె దడదడలాడతన్నాది."

"ఏటి తీసుకున్నావు?"

"ఐసు... ఆ మత్తుమందు. సూదితో ఎక్కించారు."

బండి తీశాను.

మధు ఇంటి తలుపు తీసే ఉంది. ముందు వాసన తగిలింది. చెమట, సెంటు, పాచిపోయిన బిర్యానీ, కాలిన ప్లాస్టిక్... అన్నీ కలిసి గొంతులోకి దిగాయి. పరుపు మీద ఇద్దరు కుర్రాళ్ళు, ఒంటి మీద సగం బట్టలతో. ఒకడు పళ్ళు నూరుతున్నాడు. కరకర... కరకర... ఆగకుండా. రెండోవాడు లేని పురుగుల్ని మోచేతి మీంచి గిల్లి తీస్తున్నాడు. చర్మం లేచిపోయి రసి కారుతోంది. వాడికి నొప్పే తెలియడం లేదు. మూలన కండోమ్‌ల డబ్బా ఉంది. సీలు కూడా తియ్యలేదు. బల్ల మీద టీగ్లాసులో లేత ఎర్రటి నీళ్ళు, అందులో సిరంజి. అందరికీ అదొక్కటే.



"కూసో బావా. సూరి బాత్రూంలో ఉన్నాడు," అని మధు కూల్‌డ్రింకు అందించాడు. నవ్వు మొహం, ఇస్త్రీ చొక్కా. నోరెండిపోయి రెండు గుక్కలు తాగాను. ఆ రెండు గుక్కల గురించి తర్వాత చాలా ఆలోచించాను.

ఆ కంపు భరించలేక నడవలోకి వెళ్ళి నిలబడ్డాను. బాత్రూంలో సూరి కక్కుతున్న చప్పుడు. పక్కనే ఇంకో గది. తలుపు ఓరగా ఉంది. లోపల చీకటి.

"నీళ్ళు..."

చాలా మెల్లగా వినిపించింది.

"కూసిన్ని నీళ్ళియ్యి..."

పాపం, ఇంకెవడో పడున్నాడనుకున్నాను. బ్యాగులోంచి సీసా తీసి సందులోంచి చాపాను. చెయ్యి బయటికొచ్చింది... మోచేతి వరకే. చాలాసేపు నీళ్ళలో నానినట్టు తెల్లగా ఉబ్బి ఉంది. పొడవునా సూది గుచ్చిన పుళ్ళు. అది సీసా అందుకోలేదు. నా మణికట్టు పట్టుకుంది. జిగురుగా... చేపపొట్టలా. నా చేతిని మెల్లగా వెల్లకిలా తిప్పింది. దాని బొటనవేలు పైకి పాకింది... పాకి పాకి, మోచేతి మడత దగ్గర ఆగింది. అక్కడ నొక్కింది. వదిలింది. మళ్ళీ నొక్కింది.

నరం వెతుకుతోంది.

గుంజుకున్నాను. ఆ ఊపుకి తలుపు బార్లా తెరుచుకుంది. ఫోన్ లైటు వేశాను. గది ఖాళీ. చాప కూడా లేదు. కిటికీకి ఊచలు, రెక్కలకి గడియ. నేల పొడిగా ఉంది. నా చెయ్యి మాత్రం తడి... కుళ్ళిన వాసన.

"ఈ గదిలో ఎవరున్నారు?" అని అరిచాను.

మధు మొహంలో నవ్వు చెదరలేదు. "ఎవులూ లేరు బావా. కాళీ గది."

సూరిని బండెక్కించి మా ఇంటికి తెచ్చేశాను. సబ్బు అరిగిపోయేలా చెయ్యి కడిగాను. గది సంగతి వాడికి చెప్పలేదు. అసలే వణుకుతున్నాడు.

తెల్లారాక శ్రీకాకుళం పెద్దాసుపత్రికి రమ్మంటే మొరాయించాడు. "మా నాన్నకి తెలిస్తే సంపేత్తాడురా."

"ఎవులికీ తెలీదు. హెచ్‌ఐవీ అంటకుండా మాత్రలిస్తారు. ఆలీసమైతే పనిసెయ్యవు. లే."

అక్కడ కౌన్సిలర్ మేడమ్ కోప్పడలేదు, మొహం చిట్లించలేదు. కుర్చీ చూపించి మెల్లగా అడిగింది. "మీకంటే ముందు ఆ సూది ఎవరు వాడారు బాబూ?"

సూరి తల దించుకున్నాడు. "లోపలి గదిలో అతను, మేడమ్. నీళ్ళడుగుతుంటాడు... ముందు అతనికి, తరవాత నాకు."

నేను చొక్కా చెయ్యి మణికట్టుదాకా లాక్కున్నాను.

"అతని పేరు తెలుసా?"

"తెలీదు మేడమ్. నాను మొకం సూడనేదు. సెయ్యొక్కటే బయటికి పెడతాడు."

సూరి మాత్రలన్నీ వాడాడు. కడుపులో తిప్పినా మానలేదు. రక్తపరీక్ష రెండుసార్లు చేశారు, ఏమీ లేదన్నారు. ఐసు మాటెత్తితే ఇప్పుడు వాడే లేచి వెళ్ళిపోతాడు. మధు ఆ ఇల్లు ఖాళీ చేశాడని విన్నాను.

కూల్‌డ్రింకులో ఏదో కలిపాడని, అందుకే అలా కనిపించిందని చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. మరి సూరి అన్న మాట? నిజంగా ఎవడో జబ్బుమనిషి ఉన్నాడా? ఉంటే, ఊచలున్న గదిలోంచి ఎటు పోయాడు? నాకు తెలీదు. సూరి ఒంట్లోకి వెళ్ళింది ఎవరి రక్తమో... ఆ ఆలోచన వస్తే చాలు, నోట్లో ముద్ద మింగుడుపడదు.