జోసెఫ్ అంకుల్ ట్యూబులైట్ల పెట్టె

పోయిన వారం పన్ను నొప్పితో మా సైదాబాద్‌లోనే ఒక చిన్న దంతవైద్యశాలకు వెళ్లాను. నా పేరు పిలిచేదాకా బెంచీ మీద కూర్చుని ఉంటే నెత్తి మీద నుంచి సన్నగా ఝుమ్మని మోత వినిపించింది. ఈ రోజుల్లో ఎవరింట్లోనూ వినపడని మోత. తలెత్తి చూస్తే నిజమే, పాతకాలపు ట్యూబులైటు. రెండు కొసలూ నల్లబడి, లోపలి రాగి చోక్ మూలుగుతుంటే కష్టపడి వెలుగుతోంది. ఎంతసేపు అట్లా చూస్తూ ఉండిపోయానో తెలియదు. కౌంటరు దగ్గరి అమ్మాయి వచ్చి, మేడమ్, నొప్పి పంటికా మెడకా అని అడిగింది. నవ్వు వచ్చింది, దాంతో పన్ను ఇంకాస్త నొప్పి పెట్టింది. ఆ మోత వింటే జోసెఫ్ అంకుల్ కళ్లు మూసుకుని చోక్ వయసెంతో చెప్పేవారు.

ఆయన మా ఎదురింట్లో ఉండేవారు. ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది కానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. ఎవరింటికి వెళ్లినా ముందు పైకప్పును పలకరించి, ఆ తర్వాతే మనుషులను పలకరించేవారు. ఒకసారి గల్లీ చివరి వాళ్ల అమ్మాయికి పెళ్లిచూపులైతే పెద్దమనిషిగా రమ్మని పిలిచారు. అబ్బాయి తరఫు వాళ్లు ఫలహారం తింటుంటే హాల్లో ట్యూబులైటు మిణుకుమిణుకుమంటోంది. అంకుల్ కాసేపు ఓర్చుకున్నారు. ఆ తర్వాత లేచి, అబ్బాయి తండ్రిని ఆయన కూర్చున్న స్టూల్ మీద నుంచి మర్యాదగా లేపి, అదే స్టూలెక్కి జేబులోంచి స్టార్టర్ తీసి మార్చారు. గది పట్టపగలులా వెలిగింది. ఆ వెలుగులో అబ్బాయిని మొదటిసారి సరిగ్గా చూసిన అమ్మాయి, ఇతను పంపిన ఫోటోకు పదిహేనేళ్లు పెద్దవాడిలా ఉన్నాడని లోపలికి వెళ్లి తల్లికి చెప్పేసింది. ఆ సంబంధం తప్పిపోయింది. అమ్మాయి తల్లి మాత్రం ప్రతి క్రిస్మస్‌కూ అంకుల్ ఇంటికి అరిసెలు పంపేది.

నాకూ ఆయనకూ పని కలిసింది ఒక గొడవతో. నేను పనిచేసే ఫోటో ల్యాబు మూతపడి అప్పటికి నాలుగు నెలలైంది. మా వదిన ఒక స్కూల్ ఆఫీసులో గుమస్తా పని మాట్లాడిపెట్టి, ఒకటో తారీఖున చేరమంటోంది. నాకేమో కెమెరా వదలబుద్ధి కాలేదు. అట్లాంటప్పుడు లాడ్ బజార్‌లో లక్క గాజుల దుకాణం నడిపే ముస్తఫా భాయ్, రంజాన్ ముందర కొత్త డిజైన్లన్నీ ఫోటోలూ వీడియోలూ తీసిస్తే ఫోన్లలో గిరాకీలకు పంపుకుంటానన్నారు. ఇది కుదిరితే ఆ వీధిలో ఇంకో పది దుకాణాలు వస్తాయి. కుదరకపోతే స్కూల్ ఆఫీసే గతి. నేను రెండు పెద్ద హాలోజన్ లైట్లు అద్దెకు తెచ్చి, ముందు గదిలో నల్లగుడ్డ పరిచి, గాజులను వరుసగా నిలబెట్టాను. పావుగంటకు గాజులు చెమట పట్టినట్టు మెరిశాయి. ఎంత బాగున్నాయో అనుకుంటూ ఫోకస్ సరిచేసుకునేలోపు రాళ్లు ఒక్కొక్కటే జారడం మొదలైంది. ఒక పెళ్లికూతురు సెట్టు సగం మెత్తబడి పక్క సెట్టు మీద వాలిపోయింది. తీసుకెళ్లి చూపిస్తే ముస్తఫా భాయ్ వాటిని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు.

"బెహెన్, నేను గాజుల ఫోటో తియ్యమన్న. గాజులు వండమనలే," అన్నారు.

మంచి మనిషి కనుక ఇంకొక్క అవకాశం ఇచ్చారు, వారం గడువుతో. మర్నాడు ఒకే లైటు దూరంగా పెట్టి తీద్దామని స్విచ్ వేశాను. మా ఇంటి పాత వైరింగు దానికే తట్టుకోలేక, మా ఇంటితో పాటు గల్లీలో సగం ఇళ్ల కరెంటు పోయింది. రెండు నిమిషాల్లో అంకుల్ టెస్టర్ పట్టుకుని నేరస్థుణ్ణి వెతుకుతూ మా గుమ్మంలోకి వచ్చారు. తిట్టడానికే వచ్చారు. లైటును చూసి, దాని ముందు చెయ్యి పెట్టి వెంటనే వెనక్కి లాక్కున్నారు.

"బిడ్డా, గిది లైటు కాదు, పొయ్యి. దీని ముంగట మనిషిని కూసోబెట్టినా కరుగుతడు," అన్నారు.

ఫోటో స్టూడియోల కోసం చల్లటి ట్యూబులైట్ల పెట్టెలు అమ్ముతారని, అవి కొనే స్తోమత నాకు లేదని చెప్పాను. కొనుడెందుకు, ట్యూబులైటు అంటే ట్యూబులైటే కదా అన్నారాయన. సాయంత్రానికల్లా తమ పాత బీరువా తలుపు ఊడదీసి తెచ్చారు. దానికి లోపలివైపు వెండిరంగు కాగితం అంటించి, ఆరు ట్యూబులు పక్కపక్కన బిగించారు. వెలుగు మెత్తబడాలంటే ముందర పలుచటి తెల్లగుడ్డ కట్టాలి అన్నాను. అంకుల్ ఇంట్లోకి వెళ్లి ఒక తెల్ల వాయిల్ ముక్క తెచ్చి కట్టారు. అది ఆయన భార్య మరియమ్మ ఆంటీ చర్చికి కట్టుకునే చీరలోదని ఆదివారం పొద్దున గాని తెలియలేదు. ఆ ఆదివారం మా గల్లీకి రెండు ప్రసంగాలు వినపడ్డాయి.

పెట్టె వెలిగించాం. వేడి లేదు. గాజులు కుదురుగా నిలబడ్డాయి. కానీ వీడియో చూస్తే గాజుల మీదుగా నల్లటి చారలు పైనుంచి కిందికి జారుతున్నాయి. రాగి చోక్‌తో వెలిగే ట్యూబు మన కంటికి తెలియకుండా ఆరి వెలుగుతూ ఉంటుందని, కెమెరా దాన్ని పట్టేస్తుందని, చోక్ మారిస్తే చాలని నేను ల్యాబులో విని ఉన్నాను. భయపడుతూనే చెప్పాను.

"నా చోక్ ముప్పై ఏండ్ల సంది నడుస్తున్నది. నీ కెమెరా మొన్న పుట్టింది. గలతీ ఎవరిదో నువ్వే చెప్పు," అని ఆయన వెళ్లిపోయారు.

రెండు రోజులు మాట్లాడలేదు. మా కిటికీ వైపు చూడకుండా పాలప్యాకెట్ తెచ్చుకోవడానికి గల్లీ అటు చివరి నుంచి చుట్టు తిరిగి వెళ్లారు. మూడో రోజు ఒక సంచీతో వచ్చి ఏమీ అనకుండా నేల మీద కూర్చుని, తన చేత్తో బిగించిన రాగి చోక్‌లు ఆరూ విప్పి, చిన్న ఎలక్ట్రానిక్ చోక్‌లు పెట్టారు. పెట్టె ఒక్కసారిగా, చప్పుడు లేకుండా వెలిగింది. చారలు పోయాయి. ఆయన పెట్టెకు చెవి ఆనించి విన్నారు.

"మంచిగనే ఉన్నది. గాని మోత లేదు. బతికున్నదో లేదో ఎట్ల తెలుస్తది," అన్నారు, సొంతమనిషిని పోగొట్టుకున్నట్టు.

ఆ కొత్త చోక్‌లతో పాత ట్యూబులు రెండు సరిగ్గా వెలగలేదు. ఆరూ ఒకే కంపెనీవి, ఒకే రంగువి కొత్తగా తెమ్మని నాకు ఒకటికి మూడుసార్లు చెప్పారు. నేను కోఠీకి వెళితే దుకాణంలో ఆ రకం నాలుగే ఉన్నాయి. ఇంకో దుకాణం తిరగడానికి బద్ధకించి, తెల్లగానే ఉన్నాయి కదా అని ఇంకో రకంవి రెండు కలిపి కొని, అంకుల్‌కు చెప్పకుండా నేనే బిగించేశాను. ఫోటోలకు చేతులు కావాలంటే మరియమ్మ ఆంటీ గాజులు తొడుక్కుని కూర్చుంది. ఫోటోలు గడువులోగా పూర్తి చేసి, ధైర్యం కోసం అంకుల్‌ను వెంటబెట్టుకుని లాడ్ బజార్ వెళ్లాను. ముస్తఫా భాయ్ ఫోటోలను గాజుల పక్కన పెట్టి చూశారు. ఎర్ర గాజులు ఒకవైపు ఎర్రగా, ఇంకోవైపు మాగని టమాటల్లా ఉన్నాయి. తెల్ల రాళ్లలో పసరు రంగు తేలింది. దుకాణం నిండా గిరాకీలు ఉన్నారు. ఆయన ముఖం మారిపోయింది. రెండోసారి కూడానా అని అందరి ముందూ అడిగారు.

అంకుల్ ఫోటోను ఒక్క క్షణం చూశారు. చాలు, ఆయనకు అర్థమైపోయింది. నా వైపు చూడను కూడా లేదు.

"గలతీ నాది భాయ్. రెండు ట్యూబులు వేరే రంగువి ఏసిన. ముసలి కండ్లు, పోల్చుకోలే. బిడ్డది ఏం లేదు," అన్నారు.

ఏ స్టార్టర్ ఏ డబ్బాలోదో చీకట్లో తడిమి చెప్పే మనిషి, ముస్తఫా భాయ్ ముందు చేతులు కట్టుకుని తనకు పని రాదని ఒప్పుకుని నిలబడ్డారు. పెద్దాయన్ని ఏమనగలరు, ఇంకో రెండు రోజులు ఇచ్చారు. బస్సులో నేను ఏడుపు మింగుకుంటూ నిజం చెప్పాను. కిటికీలోంచి బయటికి చూస్తూ ఆయన అన్నారు:

"నాకు ఎర్కనే. గాడ నువ్వు ఒప్పుకుంటే నీ పని పోతుండె. నాకేం పని ఉన్నది పోనీకి. ముందుగాల గా రెండు ట్యూబులు మార్చు."

మార్చాను. ఈసారి గాజులు గాజుల రంగులోనే వచ్చాయి. రంజాన్‌కు ముస్తఫా భాయ్ దుకాణం కిటకిటలాడింది. ఆ పక్క దుకాణాలూ పిలిచాయి. వదిన స్కూల్ ఆఫీసు మాట మళ్లీ ఎత్తలేదు. మరియమ్మ ఆంటీ మాత్రం తన చేతులు చార్మినార్ దాకా పేరు తెచ్చుకున్నాయని చెప్పి నెల రోజులు గిన్నెలు ముట్టలేదు. ఆ నెలంతా అంకులే తోమారు. తర్వాత నాలుగేళ్లు ఆ బీరువా తలుపును ఆటోలో వేసుకుని తిరిగాను. ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా తలుపు ఎంతకిస్తారని ఎవరో ఒకరు అడిగేవారు.

అంకుల్ పోయి మూడేళ్లవుతోంది. ఇప్పుడు నా దగ్గర అరచేతిలో పట్టే ఎల్ఈడీ లైట్లున్నాయి, నాతో పాటు పనిచేసే షబానా ఉంది. పోయిన నెల ఒక చీరల దుకాణం వీడియో షబానా తీసింది. కెమెరాలో రంగుల సెట్టింగు తప్పింది, వంగపండు రంగు చీరలన్నీ నీలంగా వచ్చాయి. యజమాని ఎవరు తీశారని గట్టిగా అడిగాడు. షబానా నా వెనక్కి జరిగింది. తప్పు నాదేనని చెప్పాను. జోసెఫ్ అంకుల్‌కు పోవడానికి పని లేదు. నాకుంది, అది పోయింది కూడా. ఆ దుకాణం వాళ్లు మళ్లీ పిలవలేదు. ఆయనంత తేలిగ్గా ఆ మాట అనడం నాకింకా రాలేదు. ఇంటికొచ్చాక చెప్పలేనంత దిగులు పడ్డాను. మర్నాడు పొద్దున షబానా రోజూకన్నా అరగంట ముందే వచ్చి, నన్ను పలకరించకుండానే కెమెరా తీసి, తెల్ల కాగితం ముందు పెట్టి రంగులు సరిచూసుకుంటూ కూర్చుంది.