ఒకే చేనుకి రెండు రిపోర్టులు

2004 సార్వా కాలం, అంటే వానాకాలపు వరి పంట. అప్పుడు నేను యానాంలో ఒక మట్టి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. మా దగ్గరికి వచ్చే సంచుల్లో సగం రొయ్యల చెరువులవి, సగం వరి చేలవి. చెరువుల వాళ్లూ చేల వాళ్లూ మా బెంచీ మీద పక్కపక్కనే కూర్చునేవారు గాని, మాట్లాడుకునేవారు కాదు. చెరువు ఉప్పు చేలోకి ఊరుతోందన్న తగువు ఆ రోజుల్లో చాలా గట్ల మీద నడుస్తూ ఉండేది.

కనకాలపేట సత్తిరాజుగారిదీ అదే తగువు. నాట్లు వేసిన నెలలోపే ఆయన వరి ఎదుగుదల ఆగిపోయింది. ఆకుల మీద తుప్పురంగు మచ్చలు వచ్చాయి. పక్కనున్న చెరువు స్వయానా ఆయన చెల్లెలి భర్త వీరభద్రానిది. చేను పాడుచేసి, ఆ తర్వాత చవగ్గా కొనేయాలన్నది వీరభద్రం ఎత్తని సత్తిరాజుగారి నమ్మకం. కోర్టులో కేసు వెయ్యడానికి ప్లీడరుతో మాట్లాడేశారు. మా రిపోర్టు కోసమే ఆగారు.

ముందు మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే ఈసీ పరీక్ష చేశాం. మామూలుగానే ఉంది. మచ్చల వర్ణన వింటే నాకు జింకు లోపం అనిపించింది. జింకు మొక్కకి కావలసింది చిటికెడే. ఆ చిటికెడు అందకపోతే వరి గిడసబారిపోతుంది. అందుకని డీటీపీఏ పరీక్ష కూడా చేశాం. డీటీపీఏ అన్నది ఒక ద్రావణం. మట్టిలోని జింకులో వేళ్లకు అందే భాగాన్ని అది బయటికి తీస్తుంది. తీరా చూస్తే జింకు పుష్కలంగా ఉందని వచ్చింది.

సత్తిరాజుగారు రిపోర్టు అటూ ఇటూ తిప్పారు.

"ఉప్పు లేదంటారు, జింకు ఉందంటారు. మరి నా చేను ఎందుకు చచ్చిపోతందండీ?"

"ఇంకా చూడాలండి" అన్నాను.

"ఇంకేం చూత్తారు లెండి. మా బావ రొయ్యలు మీ ల్యాబ్ దాకా వచ్చినట్టున్నాయి" అని లేచి వెళ్లిపోయారు.

ఆ మాట నన్ను వదల్లేదు. కారణం ఉంది. అంతకుముందు వారమే మా ల్యాబ్‌లో జింకు కొలిచే యంత్రం చూసే ప్రసాద్, వీరభద్రంతో కలిసి టీ తాగుతుంటే చూశాను.

కొన్నాళ్లకి సత్తిరాజుగారి భార్య నాగమణి రెండు సంచులు పట్టుకుని వచ్చింది. ఒకటి తమ చేలోదని, రెండోది ఫరంపేటలో తన పుట్టింటివాళ్ల చేలోదని రాయించింది. మొదటిదాంట్లో జింకు మళ్లీ పుష్కలంగా వచ్చింది. రెండోదాంట్లో దాదాపు లేదు. రిపోర్టులు చేతికిచ్చి, "మీ పుట్టింటి చేనుకే జింకు కావాలమ్మా" అన్నాను.

ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"రెండూ మా చేలోవేనండి మేడంగారూ. ఒక్క మడిలోవే. ఆయన కోర్టుకెళ్లేలోపు మీ లెక్క ఎంత నిజమో చూద్దావని పేరు మార్చేను. ఇప్పుడు చెప్పండి, ఈ రెండిట్లో ఏది అబద్ధం?"

కాస్త గడువివ్వమన్నాను. ఆమె వెళ్లాక ప్రసాద్ దగ్గరికి వెళ్లి, రెండు సంచులూ నేనొక్కదాన్నే మళ్లీ చేస్తానన్నాను.

"నా మీద అనుమానమా?"

"అవును. వీరభద్రంగారితో మీకేం పని?"

ప్రసాద్ ముఖం ఎర్రబడింది. "ఆయనే వచ్చాడండి. బావ చేలో ఉప్పుందా, ఉంటే చెప్పండి, చెరువు ఎండగట్టేస్తానన్నాడు. లేదని చెప్పాను. మీరు చేసుకోండి, నేను బయట కూర్చుంటాను."

ఆ జవాబు నేను పూర్తిగా నమ్మలేదు. గాజుసామానంతా కడిగాను. బ్లాంక్ పెట్టాను, అంటే మట్టి వెయ్యకుండా ఉత్త ద్రావణాన్ని చూడటం. సీసాల్లోనో నీళ్లలోనో జింకు ఉంటే అది బయటపెట్టేస్తుంది. ఏమీ లేదు. రెండు సంచుల్లోని మట్టికీ మాత్రం మొదటి లెక్కలే వచ్చాయి. తేడా మా గదిలో వచ్చింది కాదు. మట్టి మా దగ్గరికి రాకముందే వచ్చింది.

ఇక మిగిలింది నాగమణి. ఆమే ఏదన్నా కలిపిందేమో! మర్నాడు ప్రసాద్‌నీ వెంటబెట్టుకుని కనకాలపేట వెళ్లాను. "మట్టి ఎలా తీశారో అలాగే మళ్లీ తీసి చూపించండి" అని భార్యాభర్తలిద్దరినీ అడిగాను.

నాగమణి వెదురుపుల్లతో తవ్వి, మట్టిని ప్లాస్టిక్ బేసిన్‌లోకి తీసింది. సత్తిరాజుగారు పశువుల కుడితి బకెట్ తెచ్చారు. అది పాత జీఐ బకెట్. తుప్పు పట్టకుండా ఇనుము మీద జింకు పూత పూసిన రకం. లోపల పూత పెచ్చులుగా లేచిపోతోంది.

"ఇందులో ఎంతసేపు ఉంచారండీ?"

"తడిమట్టి కదండీ, ఆరేదాకా ఇందులోనే ఉంచి పారతో చితక్కొట్టేను. మిగిల్చిందే మా ఆవిడ మీకు మళ్లీ తెచ్చింది."

ఆయన బకెట్‌కున్న జింకునే మేం కొలిచి, రెండుసార్లు చేనుకి రాసిచ్చామన్నమాట. ఆ సంగతి చెబితే సత్తిరాజుగారు మెత్తబడలేదు.

"జింకు లెక్క తప్పినప్పుడు ఉప్పు లెక్క మాత్రం ఎందుకు తప్పకూడదండీ?"

అడగాల్సిన ప్రశ్నే. చెరువుగట్టు వారనే బేసిన్‌లోకి మట్టి తీయించి, నీళ్లు కలిపి, ఈసీ మీటరు ఆయన చేతికే ఇచ్చాను. ఆయనే ముంచారు. అంకె చూసి మరోచోట తవ్వించారు. అక్కడా ఉప్పు లేదు. మీటరు నాకిచ్చేశాక, చెరువు ఎండగట్టేస్తానని వీరభద్రం అన్న మాట ప్రసాద్ ఆయనకి చెప్పాడు.

జింక్ సల్ఫేట్ పిచికారీ చేయించాం. కొత్తగా వచ్చిన ఆకులకి మచ్చలు లేవు. దిగుబడి కొంత తగ్గినా చేను నిలబడింది. కోతలప్పుడు సత్తిరాజుగారు నాగమణితో కలిసి ల్యాబ్‌కి వచ్చి ప్రసాద్‌ని పక్కకి పిలిచారు.

"మా బావ నిజంగానే చెరువు ఎండగట్టేత్తానన్నాడా?"

"అన్నారండి."

"ఆ మాటేదో నాతోనే అనొచ్చు కదా."

పక్కనున్న నాగమణి ఊరుకోలేదు. "రెండుసార్లు గుమ్మం దాకా వచ్చేడు వీరభద్రం అన్నయ్య. మీరు లోపలికి రానిచ్చేరా?"

ఆయన తలవంచుకుని బయటికి నడిచారు.

అప్పటినుంచి మట్టి తెచ్చిన ప్రతి రైతునీ నేను అడిగే మొదటి ప్రశ్న, "దేంతో తీశారు, దేంట్లో ఉంచారు?" అప్పుడప్పుడు ఒకే మట్టిని రెండు పేర్లతో పెట్టి మమ్మల్ని మేమే పరీక్షించుకోవడం కూడా మొదలుపెట్టాం. అనుమానపడటం తప్పని మాత్రం ఆ కేసు నాకు నేర్పలేదు. నాగమణి మమ్మల్ని అనుమానించకపోతే ఆ చేను దక్కేది కాదు. కాకపోతే ఆమె తన అనుమానాన్ని సంచుల్లో కట్టి మా ముందు పెట్టింది. నేను ప్రసాద్‌ని ముఖం మీదే అడిగాను. సత్తిరాజుగారు మాత్రం గట్టు అవతలి మనిషిని ఒక్క మాటా అడగకుండా ప్లీడరు దగ్గరికి వెళ్లారు.